పరీక్ష చేసేవారిని ఎవరు పరీక్షిస్తారు?

ఈ నెల ఆరోగ్య పాఠం

ఈ పేజీలో మనం ఎక్కువగా జబ్బుల గురించి, మందుల గురించి, ఆహారం గురించి నేర్చుకుంటూ ఉంటాం. ఈ నెల పాఠం జబ్బు గురించి కాదు. జబ్బును కనిపెట్టే పరీక్షల గురించి, యంత్రాల గురించి. వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? ఆ నమ్మకానికి ఆధారం ఏమిటి? ఇంట్లో అందరూ కూర్చొని చదువుకోవడానికి, స్త్రీల సమాజం కూడికలో చర్చించుకోవడానికి వీలుగా చివర కొన్ని ప్రశ్నలు కూడా ఇచ్చాము.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

కొంతకాలం క్రితం ఒక పెద్దావిడ భర్తను వెంటబెట్టుకొని మా ల్యాబు కిటికీ దగ్గరకు వచ్చింది. చేతిలో రెండు రిపోర్టులు ఉన్నాయి. పట్నంలో ఒక ల్యాబులో చేయించిన దానిలో ఆయన క్రియాటినిన్ 2.4 అని ఉంది. నాలుగు రోజుల తరువాత మా దగ్గర చేయించిన దానిలో 1.3 అని ఉంది. మొదటి రిపోర్టు చూసినవాళ్ళెవరో "కిడ్నీలు పోయాయి, ఇక డయాలిసిస్ తప్పదు" అన్నారట. ఆ మాటతో ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. పాడిగేదెను అమ్మడానికి బేరం కూడా మాట్లాడుకున్నారు.

"బాబూ, మనిషి ఒక్కడే, రక్తం ఒక్కటే. లెక్కలు రెండేంది? మీది రైటని నేనెట్లా నమ్మేది?" అని ఆమె అడిగింది.

డాక్టరుగారు ఆయనను మళ్ళీ చూశారు. మధ్యలో వాంతులు, విరేచనాలు అయ్యాయా, నొప్పుల మాత్రలు వాడారా అని అడిగారు. ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కొన్ని మాత్రలు వాడినప్పుడు క్రియాటినిన్ నిజంగానే పెరిగి, మళ్ళీ తగ్గవచ్చు. అటువంటిదేమీ లేదన్నారు. మరోసారి రక్తం తీసి చేశాము, 1.4 వచ్చింది. ఆ కొద్ది తేడా ఏ యంత్రంలోనైనా ఉంటుంది.

అయినా ఆమె ప్రశ్నకు అది జవాబు కాదు. ఒకే గడియారాన్ని రెండుసార్లు చూసినంత మాత్రాన టైము సరైనదని రుజువు కాదు గదా! గోడ గడియారం పది నిమిషాలు ముందు తిరుగుతుంటే, ఎన్నిసార్లు చూసినా అదే తప్పు చెబుతుంది. దాని తప్పు తెలియాలంటే బయటి గడియారం ఒకటి కావాలి. అప్పుడు నేను బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఆమెకు చూపించాను. ఆ ఫైలు ఏమిటో చెప్పే ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

మూడు రకాల తనిఖీ

ఏ పనికైనా తనిఖీ మూడు విధాలుగా జరుగుతుంది.

మొదటిది, పని చేసినవాడు తన పనిని తానే చూసుకోవడం. వంట చేసిన అమ్మ ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకొని చూడడం ఇలాంటిదే. ఇది తప్పక ఉండవలసిందే. ఇది లేనిచోట మిగిలిన రెండూ ఉన్నా ప్రయోజనం లేదు.

రెండవది, కొనేవాడు చూసుకోవడం. వంకాయలు ఏరుకుంటాం, బియ్యం చేతిలో పోసుకొని చూస్తాం. కాని మన కంటికి కనిపించని వాటిని మనం ఎలా చూడగలం? ఎక్స్‌రే గదిలో కిరణాలు కంటికి కనబడవు. సీసాలోని రక్తంలో హెపటైటిస్ క్రిములు ఉన్నాయో లేవో చేత్తో పట్టుకొని చెప్పలేం.

మూడవది, చేసినవాడికీ, కొన్నవాడికీ సంబంధం లేని మూడో మనిషి చూడడం. దీనినే స్వతంత్ర తనిఖీ అంటారు. సరుకు మంచిదైనా, చెడ్డదైనా ఈ మూడో మనిషికి లాభనష్టాలు ఉండకూడదు. తూకం తప్పయితే తప్పని చెప్పినందుకు అతని ఉద్యోగం పోకూడదు, ఒప్పని చెప్పినందుకు అతనికి బహుమానం రాకూడదు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. బజారులో కాటా మీద తూనికలు కొలతల శాఖ వారి ముద్ర ఉంటుంది. ఆ ముద్ర కొట్టువాడు వేసుకున్నది కాదు. పెళ్ళికి బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం. నగ మీద బి.ఐ.ఎస్. గుర్తు, 22 క్యారెట్లయితే 916 అనే అంకె, ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. 916 అంటే వెయ్యి వంతులలో 916 వంతులు మేలిమి బంగారమని అర్థం. ఆ పరీక్ష చేసేది నగల దుకాణం కాదు, బి.ఐ.ఎస్. గుర్తింపు పొందిన వేరే కేంద్రం. మన దేశంలో 2021 జూన్ నుంచి దశలవారీగా ఇది తప్పనిసరి అయింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మన మందిరంలోనే ఉంది. ఆదివారం కానుకలు ఒక్కరే లెక్కపెట్టరు. ఇద్దరో ముగ్గురో కలిసి లెక్కించి పుస్తకంలో సంతకాలు చేస్తారు. ఏడాది చివర బయటి ఆడిటరు వచ్చి చూస్తాడు. కోశాధికారి దొంగ అని కాదు. నమ్మకస్తుడైన మనిషి మీద కూడా ఎవరూ వేలెత్తి చూపకుండా ఆ పద్ధతి కాపాడుతుంది.

నది మీద పేలిన బాయిలరు

స్వతంత్ర తనిఖీ అనేది పుస్తకాలలోంచి పుట్టలేదు, ప్రమాదాలలోంచి పుట్టింది. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసింది. శత్రువుల చెరలో ఉండి విడుదలైన సైనికులు సుల్తానా అనే ఆవిరి పడవలో మిసిసిపీ నది మీదుగా ఇళ్ళకు బయలుదేరారు. ఆ పడవలో ఎక్కవలసినది 376 మంది. ఎక్కినది రెండు వేలకు పైగా. తలకు ఇంత అని ప్రభుత్వం చెల్లిస్తుంది గనుక ఎంత ఎక్కువ మంది ఎక్కితే అంత లాభం. దారిలో ఒక బాయిలరు కారుతుంటే బాగుచేసే పనివాడు గట్టి మరమ్మతు కావాలన్నాడు. ఆలస్యమైతే బేరం పోతుందని అతుకు వేయించి బయలుదేరారు. 1865 ఏప్రిల్ 27 తెల్లవారకముందే మెంఫిస్ పట్టణం దాటిన తరువాత బాయిలర్లు పేలాయి. 1,100 మందికి పైగా చనిపోయారు.

మరుసటి ఏడాది, 1866లో, అదే దేశంలో హార్ట్‌ఫర్డ్ పట్టణంలో బాయిలర్లను తనిఖీ చేసి బీమా ఇచ్చే కంపెనీ ఒకటి మొదలైంది. బాయిలరు పేలితే ఆ కంపెనీకే నష్టం. కాబట్టి తనిఖీ గట్టిగా చేయడమే వారికి లాభం. అదే 1866లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కూడా, అక్కడి బీరు తయారీ కేంద్రంలో బాయిలరు పేలిన తరువాత, బాయిలర్ల యజమానులు కలిసి తనిఖీ సంఘం పెట్టుకున్నారు. మన దేశంలో 1923లో బాయిలర్ల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది.

ఇందులో మనం నేర్చుకోవలసినది ఒక్కటే. త్వరగా బయలుదేరితే ఎవరికి లాభమో, వారి చేతిలోనే "పడవ క్షేమమేనా" అనే తీర్పు పెట్టకూడదు.

ల్యాబులోకి ఈ పద్ధతి ఎలా వచ్చింది?

రక్తపరీక్షల విషయంలో ఈ మెలకువ ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో బెల్క్, సండర్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు ఒకే ద్రావణాన్ని చిన్న సీసాలలో పోసి, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆసుపత్రుల ల్యాబులకు పంపారు. అందులో గ్లూకోజు, యూరియా వంటివి ఎంతెంత ఉన్నాయో చేసి చెప్పండి అన్నారు. వచ్చిన జవాబులు 1947లో ప్రచురించారు. ఒకే సీసాలోని సరుకుకు ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్పారు. సరైన జవాబుల కంటె సరికాని జవాబులే ఎక్కువ. అప్పటివరకు ప్రతి ల్యాబూ తన లెక్కే సరైనదని అనుకుంటూ ఉంది. ఎవరూ మోసం చేయలేదు. పక్కవాని గడియారం చూడలేదు, అంతే.

ఆ తరువాత రెండు పద్ధతులు స్థిరపడ్డాయి.

ఒకటి, లోపలి తనిఖీ. ప్రతి ఉదయం రోగుల రక్తం పెట్టకముందు, విలువ తెలిసిన కంట్రోలు అనే సీరమ్‌ను యంత్రంలో పెట్టి చూస్తాం. జవాబును గీతల కాగితం మీద చుక్కగా పెడతాం. చుక్క గీత దాటితే రోగుల పని ఆపి యంత్రం సంగతి చూస్తాం. ఈ గీతల కాగితాన్ని 1950లో లీవీ, జెన్నింగ్స్ అనేవారు ల్యాబులకు పరిచయం చేశారు. ఈనాటికీ వారి పేరుతోనే పిలుస్తున్నాము.

రెండవది, బయటి తనిఖీ. ఒక పెద్ద సంస్థ సీరమ్‌ను తయారుచేసి, చిన్న సీసాలలో నింపి, ఎన్నో ల్యాబులకు పంపుతుంది. విలువ ఎంతో ల్యాబుకు చెప్పరు. దానిని రోగి రక్తంలాగే, రోజూ చేసే మనిషే, రోజూ చేసే పద్ధతిలోనే చేయాలి. పదిసార్లు చేసి సగటు పంపకూడదు. పక్క ల్యాబుకు ఫోను చేసి "మీకెంత వచ్చింది" అని అడగకూడదు. గడువులోగా జవాబు పంపిన తరువాత, అదే పద్ధతి వాడే ల్యాబులన్నిటితో పోల్చి మనం ఎక్కడ ఉన్నామో వారు చెబుతారు. దూరాన్ని ఒక స్కోరుగా ఇస్తారు. 2 లోపల ఉంటే బాగున్నట్టు. 2 నుంచి 3 మధ్య ఉంటే హెచ్చరిక. 3 దాటితే తప్పు ఎక్కడుందో వెదికి సరిచేయాలి.

మన దేశంలో ఈ సేవ చేస్తున్నవారిలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ముఖ్యమైనది. వారు పంపే సీసాలను వేలాది ల్యాబులు చేసి జవాబులు పంపుతున్నాయి. రక్తకణాల లెక్కకు ఢిల్లీలోని ఎయిమ్స్ వారి ఆధ్వర్యంలో ఇలాంటి కార్యక్రమమే నడుస్తోంది.

నేను ఆ పెద్దావిడకు చూపించిన ఫైలు ఇదే. నెల నెలా బయటినుంచి వచ్చిన మా మార్కుల పట్టిక. "అమ్మా, మీరు మా మాట నమ్మనక్కరలేదు. ఇది మమ్మల్ని ఎరగనివాళ్ళు వేసిన మార్కు" అన్నాను. ఆమెకు చదువు రాదు. వెంట వచ్చిన మనవరాలు క్రియాటినిన్ వరుస మీద వేలు పెట్టి చదివి చెప్పింది. గేదెను అమ్మలేదు. ఆయనకు బి.పి. మందులు సర్దారు, మూడు నెలలకోసారి పరీక్షకు రమ్మన్నారు.

మొదటి ల్యాబు చెడ్డదని ఈ కథకు అర్థం కాదు. అక్కడ సీసా మీద పేరు మారిందో, యంత్రం సంగతో, మరేమిటో మనకు తెలియదు. వేరేవాళ్ళ తప్పు చెప్పి మన మంచితనం చాటుకోవడం ఈ పాఠం ఉద్దేశం కూడా కాదు. అందుకే తరువాతి సంగతి కూడా చెప్పాలి.

మా తప్పు మాకు ఎలా తెలిసింది

ఆ ఫైలులో ఒక ఎర్ర గీత ఉన్న కాగితం కూడా ఉంది. ఆ నెల మా కాల్షియం స్కోరు 3 దాటింది. మా లెక్క ఉండవలసినదాని కంటె ఎక్కువ చూపిస్తోంది.

మొదట మేము నమ్మలేదు. ఎందుకంటే లోపలి తనిఖీలో ఒక్క చుక్క కూడా గీత దాటలేదు. సీసా దారిలో పాడైందేమో, పోస్టులో ఎండకు ఉండిందేమో అనుకున్నాము. మనిషికి ముందుగా తోచేది ఎదుటివారి తప్పే గదా! చివరకు పాత కాగితాలన్నీ తీసి చూస్తే సంగతి బయటపడింది. ఆ నెల మొదట్లో యంత్రానికి కొలత నేర్పే ద్రావణం, దానినే కాలిబ్రేటరు అంటారు, కొత్త బ్యాచి వచ్చింది. దానితో వచ్చిన కాగితంలోని విలువ కాకుండా, పాత బ్యాచి కాగితంలోని విలువను యంత్రంలో ఎక్కించాము. అదే వారంలో కంట్రోలు సీరమ్ కూడా కొత్తది మొదలుపెట్టి, దానికి ఎంత రావాలో అదే యంత్రం మీద 20 సార్లు చేసి మేమే నిర్ణయించుకున్నాము. అంటే పొట్టిగా అరిగిపోయిన స్కేలుతో గుడ్డ కొలిచి, అదే స్కేలుతో "సరిగ్గా కొలిచామా" అని చూసుకున్నట్టయింది. ఎన్నాళ్ళు చూసుకున్నా లోపల నుంచి ఆ తప్పు కనబడదు.

సరిచేశాము. తరువాత అంతకంటె కష్టమైన పని మిగిలింది. ఆ రోజుల్లో కాల్షియం చేయించుకున్నవారి పేర్లన్నీ రిజిస్టరులోంచి తీసి, ఫోన్లు చేసి, ఫోను లేనివారికి కబురు పెట్టి, మళ్ళీ పిలిపించాము. డబ్బు తీసుకోకుండా మళ్ళీ చేశాము. చాలామందికి తేడా వల్ల నష్టమేమీ లేదు. ఒక ఆమె సంగతి వేరు. ఆమెకు థైరాయిడ్ ఆపరేషను అయింది. ఆ ఆపరేషను తరువాత కొందరికి కాల్షియం పడిపోతుంది. వేళ్ళ చివర, పెదవుల చుట్టూ తిమ్మిర్లు వస్తున్నాయని ఆమె రెండుసార్లు చెప్పింది. మా రిపోర్టులో 8.6 అని ఉంది, అంటే మామూలే. నీరసం వల్ల వస్తున్నాయని ఇంటికి పంపారు. మళ్ళీ చేస్తే 7.6 వచ్చింది. అలాగే వదిలేస్తే చేతులు కొంకర్లు పోయి, ఫిట్సు కూడా వచ్చే ప్రమాదం ఉంది.

మందులు మొదలుపెట్టారు. కొద్దిరోజుల్లో తిమ్మిర్లు తగ్గాయి. మా ల్యాబు ఇన్‌ఛార్జి ఆమె మంచం దగ్గరకు వెళ్ళి, "తిమ్మిర్ల గురించి మీరు చెప్పింది నిజం అమ్మా, మా లెక్కే తప్పు" అని చెప్పారు. ఆమె కొంచెంసేపు ఊరుకొని, "ఇంట్లో కూడా అందరూ నాది అనుమానమే అన్నారు" అంది. ఆ మాట మాలో చాలామందికి ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి మా ల్యాబులో ఒక నియమం ఉంది. కొత్త బ్యాచి విలువ ఒకరు ఎక్కిస్తే, రెండవవారు కాగితం పక్కన పెట్టుకొని చదివి సంతకం చేయాలి. కాలిబ్రేటరు, కంట్రోలు ఒకే వారంలో మార్చకూడదు. బయటినుంచి వచ్చిన స్కోరు మంచిదైనా, చెడ్డదైనా అందరికీ కనబడేలా గోడకు అంటించాలి.

కాగితాల తనిఖీ సరిపోదు

మూడో మనిషి వచ్చాడు గనుక అంతా క్షేమమని నిద్రపోకూడదు. దీనికి ఐరోపాలో జరిగిన ఒక సంగతి సాక్ష్యం.

ఫ్రాన్సులో పి.ఐ.పి. అనే కంపెనీ స్త్రీల రొమ్ములో అమర్చే సిలికాన్ సంచులను తయారు చేసేది. ఆసుపత్రి అవసరాలకు అనుమతి పొందిన సిలికాన్‌కు బదులు పరిశ్రమలలో వాడే చౌక సిలికాన్‌ను నింపింది. స్వతంత్ర తనిఖీ సంస్థ ఒకటి ఏటేటా ఆ ఫ్యాక్టరీకి వెళ్తూనే ఉంది, సర్టిఫికెట్టు ఇస్తూనే ఉంది. కాని వారు వచ్చే తేదీ ముందే తెలిసేది. తెలిసినప్పుడు తప్పుడు సరుకు, దాని కాగితాలు పక్కకు తప్పించేవారు. వారు పద్ధతుల పుస్తకాలు చూశారేగాని, తయారైన సంచిని విప్పి చూడలేదు. చివరకు 2010 మార్చిలో ఫ్రాన్సు ప్రభుత్వ అధికారులు తనిఖీ చేసినప్పుడు బయటపడింది. అప్పటికి సుమారు 65 దేశాలలో మూడు లక్షల మంది స్త్రీలకు వాటిని అమర్చారు. 2013 డిసెంబరులో కంపెనీ స్థాపకునికి నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది. అదే ఏడాది ఐరోపా కమిషన్, తనిఖీ సంస్థలు చెప్పకుండా కూడా వెళ్ళాలని, సరుకును తీసి పరీక్షించాలని సూచించింది. 2017లో వచ్చిన కొత్త చట్టంలో దానిని చేర్చారు.

దీనినిబట్టి మంచి తనిఖీకి నాలుగు గుర్తులు చెప్పుకోవచ్చు.

1. తనిఖీ చేసేవారికి ఫలితం మీద స్వలాభం ఉండకూడదు. రుసుము చెల్లించేది తనిఖీ చేయించుకునేవారే అయినా, "పాసు చేస్తేనే డబ్బు" అనే ఒప్పందం ఉండకూడదు. సలహాదారుగా ఉండి అన్నీ సర్దిపెట్టినవాడే పరీక్షకుడుగా రాకూడదు.

2. కొన్నిసార్లయినా చెప్పకుండా రావాలి.

3. కాగితమే కాదు, సరుకును, యంత్రాన్ని, పని చేసే చేతిని చూడాలి.

4. తప్పు దొరికితే దానిని సరిచేశారా లేదా అని మళ్ళీ వచ్చి చూడాలి.

ఆసుపత్రిలో ఎక్కడెక్కడ బయటి కన్ను ఉంటుంది?

ఎక్స్‌రే, సి.టి. స్కాన్: 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏ.ఇ.ఆర్.బి., వీటికి అనుమతి ఇస్తుంది. నిర్ణీత గడువులలో యంత్రాన్ని గుర్తింపు పొందినవారితో పరీక్ష చేయించాలి. అక్కడి సిబ్బంది ఛాతీ మీద చిన్న బ్యాడ్జి పెట్టుకోవడం మీరు చూసి ఉంటారు. అది పేరు పలక కాదు. మూడు నెలలకోసారి దానిని బయటి ల్యాబుకు పంపితే, ఆ మనిషి ఒంటికి ఎంత రేడియేషను తగిలిందో లెక్క వస్తుంది.

బ్లడ్ బ్యాంకు: మందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. డ్రగ్స్ కంట్రోలు అధికారులు తనిఖీ చేస్తారు. ప్రతి రక్తపు సంచికి హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా అనే అయిదు పరీక్షలు తప్పనిసరి.

ల్యాబు: ఎన్.ఏ.బి.ఎల్. అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. వైద్య ల్యాబులకు ఐ.ఎస్.ఓ. 15189 అనే ప్రమాణం ప్రకారం చూస్తారు. ఇది చాలావరకు ల్యాబు తానుగా కోరి తెచ్చుకునే గుర్తింపు.

మొత్తం ఆసుపత్రి: ఎన్.ఏ.బి.హెచ్. అనే సంస్థ చేతుల శుభ్రత మొదలుకొని అగ్నిప్రమాద జాగ్రత్తల వరకు చూసి గుర్తింపు ఇస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు జాతీయ నాణ్యతా ప్రమాణాలు ఉన్నాయి. బయటినుంచి వచ్చినవారే మార్కులు వేస్తారు.

రోగులు, కుటుంబాలవారు చేయవలసినవి

1. గోడ మీద సర్టిఫికెట్టు ఉంటే దానిమీద గడువు తేదీ చూడండి. గడువు తీరిన కాగితం పాత పంచాంగంతో సమానం.

2. గుర్తింపు అన్ని పరీక్షలకూ ఉండకపోవచ్చు. "ఈ పరీక్షకు మీకు గుర్తింపు ఉందా?" అని అడగండి. అడగడం అమర్యాద కాదు.

3. "మీరు బయటి నాణ్యతా పరీక్షలో పాల్గొంటున్నారా?" అని అడగండి. పాల్గొనేవారు సంతోషంగా చెబుతారు.

4. రక్తం తీసేటప్పుడు సీసా మీద మీ పేరు, వయసు మీ ఎదుటే రాయమనండి. మంచి యంత్రం కూడా తప్పుడు పేరును సరిచేయలేదు.

5. ఒంట్లో సంగతికి, రిపోర్టుకు పొంతన లేకపోతే డాక్టరుగారికి చెప్పండి. పెద్ద నిర్ణయానికి ముందు మళ్ళీ ఒకసారి చేయించమని అడగండి. ఒక్క రిపోర్టు చూసి పొలం, గొడ్డు అమ్మకండి. మందులు మీ అంతట మీరు మానకండి.

6. ఎక్కువ కాలం చూడవలసిన జబ్బులకు వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి. పాత రిపోర్టులు పారవేయకండి.

7. ఇంట్లో గ్లూకోమీటరు ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే, 100 పైన ఉన్న షుగరుకు 15 శాతం వరకు తేడా అనుమతి ఉంది. అంటే ల్యాబులో 200 ఉంటే మీటరులో 170 నుంచి 230 వరకు ఎంతైనా రావచ్చు. 10, 15 తేడాకు భయపడి ఇన్సులిన్ మార్చుకోకండి. ల్యాబుకు వచ్చినప్పుడు మీటరు కూడా తెచ్చి, అదే సమయంలో రెండూ చేసి పోల్చుకోండి. బి.పి. మిషను కూడా ఏడాదికోసారి తెచ్చి ఆసుపత్రి మిషనుతో సరిచూసుకోండి.

ముగింపు

బయటివారు వచ్చి మన తప్పు చూపిస్తే ఎవరికైనా చిన్నతనంగా ఉంటుంది. మాకూ ఉండింది. కాని ఆ ఎర్ర గీత రాకపోయి ఉంటే, ఆ తల్లి వేళ్ళ తిమ్మిర్లు అనుమానంగానే మిగిలిపోయి ఉండేవి. ఈసారి ల్యాబు కిటికీ దగ్గర మీకు సందేహం వస్తే మొహమాటపడకండి, అడగండి. ఆ ఫైలు ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఎవరు అడిగినా తీసి చూపిస్తాం, ఎర్ర గీత ఉన్న కాగితంతో సహా.

ఆలోచించి జవాబు చెప్పండి

1. కంట్రోలు సీరమ్ రోజూ సరిగ్గా వస్తున్నా ల్యాబు లెక్క తప్పయ్యే అవకాశం ఎలా ఉంది?

2. బయటి తనిఖీకి వచ్చిన సీసాను పదిసార్లు చేసి సగటు పంపితే నష్టం ఎవరికి?

3. పి.ఐ.పి. కంపెనీ సంగతిలో పైన చెప్పిన నాలుగు గుర్తులలో ఏవేవి లోపించాయి?

4. మీ ఇంట్లో, మీ సంఘంలో, మీ పిల్లల బడిలో స్వతంత్రంగా తనిఖీ జరిగేవి ఏవి? జరగవలసి ఉండి జరగనివి ఏవి?

5. ఇంటి పని: మీ గ్యాసు సిలిండరు పైభాగాన నిలబెట్టిన ఇనుప పట్టీల లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరం. ఆ గడువులోగా ఆ సిలిండరును మళ్ళీ పరీక్ష చేయించాలి. మీ సిలిండరు గడువు ఎప్పుడో చూసి రాసుకోండి. గడువు దాటి ఉంటే తీసుకోకుండా మార్చి ఇమ్మని అడగండి.